అంచు మడిచిన గరిజెలు

కృపారాణికి భయం కొత్తేమీ కాదు. కోరుట్లలో మా కుట్టుమిషన్ దుకాణం పక్క షట్టర్‌లో పొయ్యి వెలిగించిన రోజు నుంచీ ఆమె దేనికో ఒకదానికి భయపడుతూనే ఉంది. నూనె మరీ కాగిందేమోనని భయం. పచ్చట్లో ఉప్పు తగ్గిందేమోనని భయం. కొనుక్కుపోయినవాళ్ళు మళ్ళీ రారేమోనని భయం. "నీకు భయం గూడ తిండి లెక్కనే పోరీ, మూడు పూటల ఉండాలె" అని నేను ఎక్కిరించేదాన్ని. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమె ముఖం చూశాక ఎక్కిరించడం మానుకున్నాను.

ఆమె ఎవరో ముందు చెప్పాలి. సొంతూరు కథలాపూర్. సెంటు భూమి లేని కుటుంబం. తల్లి వజ్రమ్మ వయసంతా ఊళ్ళో వాళ్ళ పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి, నడుము వంగిపోయాక కూతురి దగ్గరికి చేరింది. మొగుడు మహేశ్ షార్జాలో ఒక లేబర్ క్యాంపు వంటశాలలో పనిచేసి, ఆ కంపెనీ మూతపడితే తిరిగొచ్చాడు. ఇద్దరికీ తెలిసిన పని వంట ఒక్కటే. పచ్చళ్ళు, సకినాలు, కొందరు కజ్జికాయలనే గరిజెలు చేసి అమ్ముకుందామనుకున్నారు. బోర్డు మీద 'మహేశ్ హోం ఫుడ్స్' అని రాయించారు. చేతులు కాల్చుకునేది పెళ్ళాం, పేరు మొగుడిదా అని నేను అడిగాను.

"నా పేరు సూస్తె చర్చిపోల్లని తెలుస్తది గద సుమక్కా. కొంతమంది మెట్టెక్కరు" అంది.

నాకు ఒళ్ళు మండింది గానీ అబద్ధమని అనలేకపోయాను. మా వీధి సంగతి నాకు తెలియదా!

మొదటి ఎండాకాలం మామిడికాయ పచ్చడి పెట్టారు. తొందరలో జాడీలు సరిగ్గా ఆరలేదు. వానలు మొదలయ్యేసరికి ప్రతి జాడీ మీదా తెల్లటి బూజు పేరుకుంది. మహేశ్ ఆ పచ్చడంతా మున్సిపాలిటీ బండిలో వేస్తుంటే కృపారాణి లోపల మూలన కూర్చుని చెవులు మూసుకుంది. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ షట్టర్ సగం మూసే ఉండేది. చర్చికి వచ్చేవాళ్ళు కొంటే కొన్నట్టు, లేకపోతే లేదు. కూతురిని బడి మాన్పించాలేమో అనేదాకా వచ్చింది.

మళ్ళీ నిలబెట్టింది గరిజెలే. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఒక ఇంటివాళ్ళు ఒడిబియ్యానికి గరిజెలు చేయించుకున్నారు. ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి ఒళ్ళో బియ్యం పోసి పంపేటప్పుడు వెంట డబ్బాల కొద్దీ గరిజెలు, సకినాలు పోవాలి కదా, ఆ డబ్బాలే ఇంకో నాలుగు ఇళ్ళకు దారి చూపించాయి. కొబ్బరి, బెల్లం, వేయించిన గసగసాలు దండిగా పెట్టి, అంచును వేలితో సన్నగా మడుస్తూ పోతే అది అల్లినట్టు ఉంటుంది. ఆ మడత వజ్రమ్మది. ఆ ముసలిది ఈ చివర నుంచి ఆ చివరకు మడత వేస్తుంటే చూడ్డానికి నేను మిషన్ ఆపి లేచేదాన్ని.

గల్ఫ్ డబ్బాలు ఆ తర్వాత వచ్చాయి. మా దగ్గర సెలవు మీద వచ్చినవాడు వట్టి చేతులతో తిరిగి పోడు. తనకోసం, తన గదిలో ఉండేవాళ్ళకోసం పచ్చళ్ళు, పిండివంటలు మోసుకుపోవాలి. మహేశ్ కట్టిన డబ్బా నూనె కారదనీ, పెట్టెలో బట్టలు పాడు కావనీ పేరొచ్చింది. కథలాపూర్ నుంచీ వెల్గటూర్ నుంచీ కూడా జనం రావడం మొదలుపెట్టారు. ఒకప్పుడు వజ్రమ్మ ఎవరి పొలాల్లో వంగి పనిచేసిందో ఆ ఇళ్ళవాళ్ళే ఇప్పుడు వాళ్ళ మెట్టెక్కి డబ్బాలు కట్టించుకుంటున్నారు. కృపారాణి దాన్ని చూసి మురిసిపోయేది, వెంటనే ఇదంతా ఎన్నాళ్ళోనని భయపడేది.

ఇక్కడొక చిక్కుంది. ఆ దేశాల్లో గసగసాలు మత్తు సరుకు కింద లెక్క. మనం కూరలో వేసుకునేదే అక్కడ దొరికితే జైలు. మహేశ్ గదిలో ఉండే వెల్గటూర్ మనిషి ఒకడు అమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లంతో విమానాశ్రయంలో పట్టుబడ్డాడట. గదిలో అతని మంచం ఖాళీగానే ఉండేదట. ఆ మాట చెప్పేటప్పుడు మహేశ్ గొంతు ఎప్పుడూ తగ్గుతుంది. అందుకే గల్ఫ్ పోయే గరిజెలకు వేరే బేసిను, వేరే గరిటె, గసగసాలు లేని పూర్ణం. వజ్రమ్మకు చదువు రాదు కాబట్టి డబ్బా మీద రాసి లాభం లేదు. కృపారాణి ఒక పద్ధతి పెట్టింది. గసగసాలు ఉన్నవాటికి చేత్తో మడిచిన అంచు. గల్ఫ్ పోయేవాటికి పళ్ళ చక్రంతో కోసిన అంచు. కంటితో చూస్తే చాలు, తప్పు జరిగే వీలే లేదు. మేమంతా అలాగే అనుకున్నాం.

శుక్రవారం మధ్యాహ్నం సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. నేను బాకీ ఉన్న జాకెట్టు ఇవ్వడానికి అప్పుడే వాళ్ళ దుకాణంలోకి వెళ్ళాను. ఫోన్ చేసింది ఆ మరమగ్గాల ఇంటి పెద్దావిడ వెంకటవ్వ. వాళ్ళింట్లో మళ్ళీ ఒడిబియ్యం, గరిజెల డబ్బాలు ఆ పొద్దున్నే చేరాయి. గొంతు నాకూ వినిపించేంత పెద్దగా ఉంది.

"ఏందమ్మా గిది? అన్ని డబ్బలు మంచిగున్నయ్, ఒక్క డబ్బల మాత్రం అంచులు కోసి ఉన్నయ్. గసాలు గూడ లెవ్వు. మా వియ్యపురాలు మూతి ముడుసుకున్నది. సుట్టాల ముంగట నా ఇజ్జత్ పోయింది!"

"తప్పయింది పెద్దమ్మా, ఇంకో డబ్బ పంపిస్త" అని కృపారాణి నవ్వుతూనే ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. కోసిన అంచుల డబ్బా ఆ వారం చేసింది ఒక్కటే. అది కథలాపూర్ బాలవ్వ కొడుకు వేణుది. వేణు సెలవు అయిపోయి ఆ రోజే దుబాయ్ పోతున్నాడు. వేణు డబ్బా సిరిసిల్లలో ఉందంటే, సిరిసిల్ల డబ్బా ఒకటి వేణు పెట్టెలో ఉంది.

కృపారాణి తల్లి వైపు తిరిగింది. నిన్న బాలవ్వ వచ్చినప్పుడు దుకాణంలో ఉన్నది వజ్రమ్మ ఒక్కతే. కృపారాణి కూతురి బడికి పోయింది, మహేశ్ సకినాల బియ్యం పట్టించడానికి గిర్నీకి పోయాడు.

"అమ్మా, నిన్న బాలవ్వ పెద్దమ్మకు ఏ డబ్బ ఇచ్చినవే?"

వజ్రమ్మ మడత వేస్తున్న చేతులు ఆపింది. "ఆమెకు కోసిన అంచు నచ్చలే బిడ్డా. బయలెల్లేటోని మూటల కోసినయి మంచిగావన్నది. మడత పెట్టినయే ఇయ్యమన్నది."

"గసాలుంటయని చెప్పకపోతివా?"

వజ్రమ్మ పిండి ముద్దను అటూ ఇటూ జరిపింది.

"మర్సిపోయినవా?"

వజ్రమ్మ తల అడ్డంగా ఊపింది. మర్చిపోలేదట. మరెందుకిచ్చినట్టు? కృపారాణి భుజాలు పట్టుకుని ఊపినా ఆ ముసలి నోట్లోంచి మాట రాలేదు. కళ్ళ నీళ్ళు మాత్రం పిండి మీద పడ్డాయి.

కృపారాణి పొయ్యి ఆపేసింది. "సుమక్కా, గా పిలగాన్ని జైల్ల ఏస్తరు" అంది. మళ్ళీ తనే, "ఆల్లు మమ్మల్ని బతుకనియ్యరు" అంది. రెండు భయాలూ నిజమే. చెప్పకపోతే వేణుకు ఏమవుతుందో. చెబితే దుకాణం ఏమవుతుందో. గరిజెల లోపల ఉన్నది ఎవరు చూడొచ్చారు, ఎంతమంది ఎన్ని తీసుకుపోవడం లేదు, ఏమీ కాకపోవచ్చు కదా అని ఆమె తనకు తానే గొణుక్కుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి ఉన్నప్పుడు పక్కనున్నవాడు చెప్పే సలహా ఎందుకు పనికొస్తుంది!

మహేశ్‌కు ఫోన్ చేసింది. అతను పొద్దున మూతలు తీసి చూడకుండానే సిరిసిల్లలో డబ్బాలు ఇచ్చి, నూనె కోసం జగిత్యాల పోయాడు. విషయం విని, "నాకు గా మంచమే యాదికస్తాంది కృపా. ముందుగాల ఆల్లకు చెప్పు. గా ఎన్క ఏడుద్దువు" అన్నాడు.

ఆమె బాలవ్వ ఇంటికి ఫోన్ కలిపింది. ఎత్తింది వేణు పెళ్ళాం సింధూజ.

"సింధూజా, వేణన్న విమానం ఎక్కిండా?"

"ఇంకా లేదక్కా. ఏర్‌పోర్ట్ కాడ దించిన అని కారాయన ఫోన్ చేసిండు. ఏమైంది?"

"మీ డబ్బల గసాల గరిజెలు పోయినయ్. తప్పు మాదే. దుబాయ్‌ల దొరికితె జైల్ల ఏస్తరు. పెట్టెలకెల్లి తీసెయ్యమను. జల్ది చెప్పు!"

అవతల సింధూజ అత్తకు చెప్పడం, బాలవ్వ కేక వేయడం వినిపించాయి. ఫోన్ బాలవ్వ చేతికి వచ్చింది.

"మీ చేతి తిండి వద్దని అందరన్నరు. నేనే ఇనకపోతి! నా కొడుకు నోట్ల మన్ను కొట్టిండ్రు గదవే!"

ఇన్నేళ్ళూ కృపారాణి ఏ మాట వినాల్సి వస్తుందోనని భయపడిందో ఆ మాటే వచ్చింది. ఆమె గోడకు ఆనుకుని, "అను పెద్దమ్మా, ఎంతన్నా అను. ముందుగాల వేణన్నకు చెప్పుండ్రి" అని మాత్రం అంది. నాకైతే ఫోన్ లాక్కుని కడిగేయాలనిపించింది. కానీ ఆ తల్లి భయం కూడా భయమే కదా అని ఊరుకున్నాను.

చెప్పడం ఎలా అన్నదే అసలు సంగతి. వేణు ఇక్కడి సిమ్ము తీసి పెళ్ళానికిచ్చి పోయాడు, అందరూ చేసేదే. దుబాయ్ సిమ్ము ఇక్కడ కలవదు. విమానాశ్రయంలో వైఫై దొరికితేనే అతని ఫోన్‌కు మెసేజ్ చేరుతుంది. సింధూజ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది, వాయిస్ కూడా పెట్టింది. ఒక్కటే టిక్కు పడింది.

వేణును కారులో తీసుకుపోయినవాడు కోరుట్ల సతీశ్. అతని నంబరు నా దగ్గరే ఉంది, మా ఆయన్ని ఆస్పత్రికి తీసుకుపోయేది అతనే. నేనే చేశాను. శంషాబాద్ దాటి చాయ్ తాగుతున్నానన్నాడు. కారు తిప్పి వెనక్కి పొమ్మన్నాను. కాసేపటికి అతనే ఫోన్ చేశాడు.

"సుమక్కా, గేట్ కాడున్న. టికెట్ లేంది లోపల్కి పోనిస్తలేరు. కాళ్ళు మొక్కుతున్న, ఇంటలేరు."

ఇక చేసేది ఏమీ లేదు. కృపారాణి శనగపిండి బస్తాల వెనక మోకాళ్ళ మీద కూలబడింది. ప్రార్థనలో మాటలు లేవు, "యేసయ్యా, గా పిలగాడు" అని అదే మళ్ళీ మళ్ళీ. వజ్రమ్మ పిండి చేతులు తుడుచుకోకుండానే పక్కన కూలబడింది. కూతురు ఆమె వైపు చూడలేదు. నేను నిలబడే కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఇంతలో సకినాలకని ఎవరో వచ్చారు. ఈరోజు లేవు పొమ్మని నేనే కసిరాను.

ఫోన్ మోగినప్పుడు ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

"అక్కా, రెండో టిక్కు పడ్డది!" అని సింధూజ అరిచింది. బిడ్డ ముఖం చూద్దామని వీడియో కాల్ కోసం వేణు వైఫై పెట్టుకున్నాడు. అప్పుడు మెసేజ్‌లన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. కానీ అప్పటికే పెట్టె కౌంటర్ దగ్గర ఇచ్చేశాడు, అది బెల్టు మీద లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఎదురుచూపు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మా పని. తెలియనంతసేపు ఒక రకం, తెలిసి పెట్టె చేతిలో లేకపోతే ఇంకో రకం. వేణు వాయిస్ మెసేజ్ ఒకటి పెడితే సింధూజ మాకూ పంపింది. పరుగెత్తినవాడి గొంతు.

"కౌంటర్ కాడి మేడం మస్తు తిట్టింది. నేను ఏడిస్తె ఎవలికో ఫోన్ చేసి పెట్టె మళ్ళ తెప్పిచ్చింది. డబ్బ తీసి చెత్తబుట్టల ఏసిన. గని అమ్మ తొవ్వల తినుమని చేతిసంచిల గూడ కొన్ని పెట్టె. గవి తీసేసిన, సంచి దులిపిన. అయినా ఏ కుట్టులనో ఒక్కటన్న ఇరుక్కుంటదని నాకు బుగులైతాంది సింధూ. ఎక్కమని పిలుస్తున్నరు. పోతున్న."

ఆ ఒక్క గింజ మా ముగ్గురి గొంతులోనూ ఇరుక్కుంది. నేను బట్ట కుట్టేదాన్ని, సంచి కుట్లలో ఏమేం దూరతాయో నాకు తెలుసు. ఆవగింజలో సగం కూడా లేనిది ఏ మడతలోనైనా దాక్కోగలదు. అది నేను పైకి అనలేదు. మహేశ్ జగిత్యాల నుంచి వచ్చి నూనె డబ్బాలు దించకుండానే గడప మీద కూర్చున్నాడు. సాయంత్రం కృపారాణి కూతురు బడి నుంచి వచ్చి, అమ్మా ఆకలవుతుందంటే, ఇల్లంతా తిండే ఉన్నా ఎవరికీ లేచి పెట్టాలని తోచలేదు. నేను మా ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టాను.

రాత్రి పొద్దుపోయాక మెసేజ్ వచ్చింది. "చేరిన. బయటికొచ్చిన" అని రెండు మాటలు.

మహేశ్ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కృపారాణి ఏడుస్తుందనో నవ్వుతుందనో చూశాను. ఆమె వెళ్ళి గరిజెల బేసిను ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. తోమిందే తోమింది. "వేణన్న చేరిండు సరే, రేపు బాలవ్వ పెద్దమ్మ వస్తది సుమక్కా" అంది. తల్లితో ఆ రాత్రి మాట్లాడలేదట.

అనుకున్నట్టే బాలవ్వ తెల్లవారి వచ్చింది. ఆటో దిగి, కొంగు నడుముకు చుట్టి మెట్టెక్కుతుంటే నేను కత్తెర కింద పెట్టి పరుగెత్తాను. కొడితే అడ్డం పడదామని. కృపారాణి చేతులు కట్టుకుని నిలబడింది. తిట్టు తినడానికి తయారైన పిల్లలా ఉంది.

బాలవ్వ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఊళ్ళె అందరికి చెప్పిన" అంది.

కృపారాణి చూపు షట్టర్ మీదికి పోయింది.

"గిట్లయిందని చెప్పిన. గిట్లయితె వేరె దుకాణమోల్లు నోరు మూసుకుందురు, గీల్లు ఫోన్ చేసి చెప్పిండ్రని గూడ చెప్పిన. నిన్న నోటికచ్చినట్టన్న. అనరాని మాటన్న. గది మనసుల పెట్టుకోకు బిడ్డా."

బాలవ్వ కృపారాణిని వదిలి మూలన పీట మీద ఉన్న వజ్రమ్మ వైపు తిరిగింది. రాత్రంతా తనను తొలిచిన ప్రశ్న అదేననుకుంటాను.

"నాకు తెల్వదు. మడతయి కావాల్నని మొండి పట్టు పట్టిన. నీకు తెలుసు గద గసాలున్నయని? గవి ఇయ్యద్దని నాకొక్క మాట చెప్పకపోతివే?"

నిన్నంతా కూతురు అడిగినా పలకని వజ్రమ్మ ఇప్పుడు తలెత్తింది.

"నాట్లకు వచ్చినన్ని ఏండ్లు 'ఓ వజ్రీ' అనే పిలిస్తివమ్మా. మొన్న గీ మెట్టెక్కి 'చెల్లె, గా మడతయి ఇయ్యవే' అన్నవ్. చెల్లె అన్నంక, కాదని ఎట్లంట?"

కృపారాణి తల్లి వైపు చూసింది. నిన్నటి నుంచి చూడని చూపు. బాలవ్వ నేల చూసింది. ఆ మాట తను అన్నట్టు ఆమెకు గుర్తు కూడా లేదేమో. డబ్బా కావాలన్న ఆత్రంలో నోటికి వచ్చిన పిలుపు అది. చివరికి లేచి, చెప్పులు వేసుకుంటూ గడప దగ్గర ఆగింది.

"పోయస్త చెల్లె" అంది.

వజ్రమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ వంగిన నడుముతోనే లేచి నిలబడి, ఆటో మలుపు తిరిగేదాకా చూసింది.

కృపారాణి మాత్రం ఆ వెలిగిన ముఖాన్ని చూసి మళ్ళీ భయపడింది. రేపు ఇంకొకామె వచ్చి, చెల్లె అనో వదినె అనో పిలిచి ఏమడిగినా ఈ ముసలిది తీసిచ్చేస్తుంది. ఆమె గసగసాల డబ్బా, మడత అంచు గరిజెలు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీ దగ్గర ఉంచు సుమక్కా" అంది. "నన్ను గూడ ఎవలన్న గట్ల పిలిస్తె, నేనేం జేస్తనో నాకు తెల్వదు."